మెగావాట్లు సరే, ఏ గంటకి ఇస్తారు? (నెల్లూరు, ప్రకాశం జిల్లాల కరెంటు మీద చర్చ)

పెన్నాగట్టు (ఇందుకూరుపేట)

అందరికీ నమస్కారం. మాది రొయ్యల సాగు. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం అని ఒకటి ప్రకటించింది కదా, దాని మీద మన రెండు జిల్లాల వాళ్లు ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని ఇది మొదలుపెడుతున్నా. సోలార్ 78.5 గిగావాట్లు, గాలి 35, నీళ్లు పైకి తోడి కరెంటు నిల్వచేసే పంప్డ్ స్టోరేజీ 22, మొత్తం 10 లక్షల కోట్ల పెట్టుబడి అన్నారు. వద్దనేవాళ్లు ఎవరుంటారు, రావాలి.

నా బాధ వేరే. నాకు కరెంటు కావాల్సింది రాత్రి పూట. పగలు ఎండలో నీళ్లలోని నాచే ఆక్సిజన్ ఇస్తుంది, పొద్దు గూకాక ఆ నాచు కూడా ఆక్సిజనే పీల్చుకుంటుంది. తెల్లవారుజామున 3 నుంచి 6 మధ్య గుంతలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. సరిగ్గా ఆ టైములో ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి మాకు వచ్చే లైను) ట్రిప్ అయి కరెంటు పోతే ఏమవుతుందో రొయ్యలు వేసినోళ్లకే తెలుసు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఆగిపోగానే మెలకువ వచ్చేస్తుంది. టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు వారకి వచ్చేసి మీసాలు నీళ్ల పైకి పెట్టి తిరుగుతుంటాయి. జనరేటర్ స్టార్ట్ అయ్యేలోపు చేతులు వణుకుతాయి. మూడు నెలల పెట్టుబడి ఆ అరగంటలో ఉంటుంది.

యూనిట్ రూపాయిన్నరకే పడేలా సబ్సిడీ ఇచ్చారు, మంచిదే, కానీ డీజిల్ ఖర్చు కూడా కలుపుకుంటే నాకు పడే యూనిట్ ధర అది కాదు. అందుకే అడుగుతున్నా. ఇలా పెద్ద పెద్ద ప్లాన్లు వేసేవాళ్లు ఏ గంటకి ఎవరికి కరెంటు కావాలో లెక్క వేస్తారా, లేక ఏడాది మొత్తానికి ఇన్ని యూనిట్లు అని వేసి వదిలేస్తారా?

కనిగిరి మెట్ట

అన్నా, మీకు రాత్రి కావాలి, మాకు పగలు కావాలి. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే ప్రభుత్వం ఇవ్వాలి. అదే అసలు లెక్క.

మా వైపు బోరు వెయ్యి అడుగులు దింపినా నీళ్లు పడతాయన్న గ్యారంటీ లేదు, పడినవాటిలో ఫ్లోరైడ్. అంత లోతు నుంచి తోడాలంటే చిన్న మోటరు సరిపోదు. పగలు 9 గంటలు త్రీఫేజ్ వచ్చాక కొంత నిమ్మళంగా ఉంది. అంతకుముందు రాత్రి రెండో విడత కరెంటు కోసం చేలో పడుకున్న రోజులు మర్చిపోలేం. చీకట్లో స్టార్టర్ పెట్టె తెరిచి షాక్ కొట్టి పోయినోళ్లున్నారు, పాము కరిచి పోయినోళ్లున్నారు. పగటి కరెంటు అంటే మాకు సౌకర్యం కాదు, ప్రాణం.

లైన్ మీద 30 ఏళ్లు (నెల్లూరు)

డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. పెన్నాగట్టు గారు అడిగినదానికి నాకు తెలిసినంత వరకు చెప్తాను, కాస్త పొడుగు అవుతుంది.

గంటల లెక్క వేస్తారు. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ఐదేళ్లకోసారి లోడ్ అంచనా, కొనుగోలు ప్రణాళిక తయారుచేసి విద్యుత్ నియంత్రణ మండలికి ఇవ్వాలి. ఇప్పుడు నడుస్తున్నది ఐదో నియంత్రణ కాలం, 2024-25 నుంచి 2028-29 వరకు. దేశం మొత్తానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఐదేళ్లకోసారి జాతీయ విద్యుత్ ప్రణాళిక వేస్తుంది, 2003 విద్యుత్ చట్టంలోనే ఉంది అది. 2023లో కేంద్రం ఇంకో అడుగు వేసి, ప్రతి రాష్ట్రం తన పీక్ గంటలకి (వాడకం అన్నిటికన్నా ఎక్కువుండే గంటలకి) సరిపడా సామర్థ్యం ముందే ఒప్పందం చేసుకుని పెట్టుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే పై స్థాయిలో గంటల లెక్క ఉంది.

కింద లేదు. మీ గుంతకి కరెంటు ఆగేది రాష్ట్రంలో మెగావాట్లు చాలక కాదు. సముద్రం ఒడ్డు ఫీడర్లు చూడండి. ఉప్పు గాలికి పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది. ఎండగా ఉన్నంత సేపు ఏమీ కాదు. తెల్లవారుజామున మంచు పడగానే ఆ ఉప్పు తడిసి కరెంటు దాని మీదుగా పారుతుంది, టప్పుమని మెరుస్తుంది, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోతుంది. నాలుగింటికి ట్రిప్ ఎందుకవుతుందో ఇప్పుడు అర్థమైందా? దానికి మందు ఇన్సులేటర్లు కడగడం, పాలిమర్ ఇన్సులేటర్లు మార్చడం, పొడవాటి ఫీడర్‌ని రెండుగా విడగొట్టడం, ఒక లైను పోతే ఇంకో వైపు నుంచి ఇచ్చే ఏర్పాటు. ఇవి గిగావాట్ల ప్రకటనల్లో కనపడవు. ఖర్చు కూడా ప్లాంటు ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

ఇంకోటి, ఒక సెక్షన్‌కి సరిపడా లైన్‌మన్లు లేకపోతే ఎంత మంచి ఇన్సులేటర్ పెట్టినా లాభం లేదు. రాత్రి పూట చెట్టు కొమ్మ లైను మీద పడితే దాన్ని తీసేది మనిషే.

పెన్నాగట్టు

సార్, ఇన్నేళ్లలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. మంచు పడే నెలల్లోనే ఎక్కువ ట్రిప్పులు అవుతాయని మాకు అనుభవంలో తెలుసు గానీ కారణం ఇదని తెలియదు. మా ఫీడర్ మీద ఇన్సులేటర్లు ఎప్పుడు కడిగారో అడిగితే చెప్తారా?

లైన్ మీద 30 ఏళ్లు

అడగండి. రాతపూర్వకంగా అడగండి. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో ప్రతి ట్రిప్పూ టైముతో సహా రాసి ఉంటుంది. ఏ గంటలో ఎక్కువ పడుతుందో అదే చెప్తుంది.

ముత్తుకూరు వాడిని

మా మండలం గురించి కూడా మాట్లాడదాం. నేలటూరు దగ్గర ప్రభుత్వ థర్మల్ ప్లాంటు, దామోదరం సంజీవయ్య పేరు మీద ఉన్నది, మూడు 800 మెగావాట్ల యూనిట్లు, మొత్తం 2,400. పక్కన ప్రైవేటు ప్లాంటు ఒక్కటే 2,640. తమ్మినపట్నం వైపు ఇంకా ఉన్నాయి. అంటే ఈ కొద్దిపాటి తీరంలో 5,000 మెగావాట్లు దాటింది. ఇక్కడి కరెంటు తెలంగాణకి పోతుంది, బంగ్లాదేశ్‌కి కూడా పోతుంది. మా నెత్తి మీద 400 కేవీ లైన్లు, మా ఇళ్లలో లో వోల్టేజీ. బయటివాళ్లకి చెప్తే నమ్మరు.

బూడిద సంగతి నేను మళ్లీ చెప్పక్కర్లేదు. గాలి ఎక్కువ ఉన్న రోజు మా అమ్మ ఉతికిన బట్టలు లోపలే ఆరేస్తుంది. వేట మీద బతికేవాళ్లని అడగండి, ఒడ్డున చేప ఎట్టా తగ్గిపోయిందో చెప్తారు. దీర్ఘకాలిక ప్రణాళిక అంటే మాకు గుర్తొచ్చేది ఒకటే, భూమి ముందు తీసుకుంటారు, మిగతాది తర్వాత చూస్తారు. ఇక్కడే కృష్ణపట్నంలో పెడతామన్న 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు ఏమైంది? 2007లో రిలయన్స్ పవర్‌కి ఇచ్చారు, ఇండోనేషియా బొగ్గు మీద లెక్క వేశారు, అక్కడి ప్రభుత్వం ఎగుమతి ధరల నిబంధన మార్చేసరికి పని ఆగిపోయింది. ప్లాంటు రాలేదు. భూములు మాత్రం పోయాయి. పాతికేళ్ల లెక్కని ఒకే దేశం, ఒకే బొగ్గు మీద పెట్టేటప్పుడు అక్కడ ధర పెరిగితే ఏంటని ఒక్కరూ అడగలేదా?

బాయిలర్ గది

మీ ఆవేదన అర్థమైంది తమ్ముడూ, నేను థర్మల్‌లోనే పని చేస్తాను, ఏ ప్లాంటు అన్నది అనవసరం. కానీ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. పెన్నాగట్టు గారి ఏరేటర్లు రాత్రి 3 గంటలకి తిరుగుతున్నాయంటే దేని మీద తిరుగుతున్నాయి? ఎక్కువ భాగం బొగ్గు మీదే. రేపు పొద్దున బొగ్గు ఆపేస్తే రొయ్యలూ పోతాయి, ఆసుపత్రులూ ఆగుతాయి. 2022 ఏప్రిల్‌లో బొగ్గు చాలక పరిశ్రమలకి పవర్ హాలిడే పెట్టారు, గుర్తుందా?

మాకు ఉన్న చిక్కు ఇంకోటి. మధ్యాహ్నం సోలార్ బాగా వస్తుంటే మమ్మల్ని లోడ్ తగ్గించమంటారు, 55 శాతం దాకా దించుతాం, సాయంత్రం 6 అయ్యేసరికి మళ్లీ ఫుల్ లోడ్ అంటారు. ఈ యూనిట్లని రోజూ ఇలా దించి ఎక్కించడానికి డిజైన్ చేయలేదు. ట్యూబులు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి లీకులు పెరుగుతాయి. ప్లాన్ వేసేవాళ్లు దీని ఖర్చు కూడా కట్టాలి. బొగ్గు కూడా ఒడిశాలోని మహానది గనుల నుంచి పారాదీప్ దాకా రైలు, అక్కడ నుంచి కృష్ణపట్నం దాకా ఓడ. ఆ గొలుసులో ఎక్కడ తెగినా ఇక్కడ యూనిట్ ఆగుతుంది.

ముత్తుకూరు వాడిని

రేపు పొద్దున ఆపమని ఎవరన్నారు అన్నా? మళ్లీ కొత్తది మా ఊళ్లోనే పెట్టొద్దంటున్నా, ఉన్నవాటి బూడిదకి లెక్క చెప్పమంటున్నా. అంతే.

బిల్లు చదివేవాడు (ఒంగోలు)

అందరూ యూనిట్ ధర మాట్లాడుతున్నారు, అది ఎక్కడ నుంచి వస్తుందో చూద్దాం. ప్లాంటుతో 25 ఏళ్ల ఒప్పందం చేసుకుంటే రెండు రకాల డబ్బు కట్టాలి. ఒకటి స్థిర చార్జీ, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు కట్టాల్సిందే. రెండోది బొగ్గు ఖర్చు, తీసుకున్నదానికి మాత్రమే. అవసరానికి మించి ఒప్పందాలు చేసుకుంటే వాడని కరెంటుకి స్థిర చార్జీ కడతాం. అవసరానికి తక్కువ చేసుకుంటే ఎండాకాలంలో కరెంటు అమ్మే ఎక్స్చేంజ్‌లో పరుగెత్తి కొనాలి, అప్పుడు ధర ఆకాశంలో ఉంటుంది. ప్లాన్ ఎటు తప్పినా బిల్లు మనకే.

అది మన బిల్లులో సర్దుబాటు చార్జీ పేరుతో వస్తుంది. నెలనెలా యూనిట్‌కి 40 పైసల దాకా ముందే వసూలు చేస్తారు, మిగిలింది తర్వాత. 2022-23 సంవత్సరానికి రూ. 6,072 కోట్లు, 2023-24కి రూ. 9,412 కోట్లు వసూలు చేసుకోమని 2024 చివర్లో మండలి అనుమతి ఇచ్చింది. అంటే మీరు ఎప్పుడో వాడిన కరెంటుకి రెండేళ్ల తర్వాత డబ్బు కట్టారు. మధ్యలో అద్దె ఇల్లు మారినవాళ్ల పాత బాకీ కొత్తగా దిగినవాళ్ల బిల్లులో పడింది. ఇందులో ఏ పార్టీ వాళ్లు ఏం చేశారన్న గొడవ నాకొద్దు, 2000లో హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద జరిగిన ఆందోళన నుంచి చూస్తున్నా, ప్రతి పదేళ్లకీ చార్జీల మీద ఒక పోరాటం వస్తుంది. కారణం మాత్రం ఒక్కటే, కొనుగోలు ఒప్పందాలు జనానికి తెలిసేలోపే సంతకాలు అయిపోతాయి.

కనిగిరి మెట్ట

2021 డిసెంబరులో కేంద్ర సోలార్ సంస్థ సెకీతో చేసుకున్న 7,000 మెగావాట్ల ఒప్పందం సంగతి? యూనిట్ రూ. 2.49, అది మా రైతుల పగటి కరెంటు కోసమే అన్నారు కదా. మరీ అంత తక్కువకి వస్తుంటే తప్పేంటి?

బిల్లు చదివేవాడు

రేటు తక్కువే, కాదనను. దాని మీద ఉన్న ఆరోపణలు కోర్టులు తేల్చాలి, నేను తీర్పు చెప్పను. నా అభ్యంతరం ప్రణాళిక వైపు నుంచి. 25 ఏళ్లకి అంత పెద్ద మొత్తం ఒక్క సంతకంతో, అదీ పగటి గంటలకే, అదీ వేరే రాష్ట్రం ఎడారి నుంచి. అదే పని కొంత మన సబ్‌స్టేషన్ల పక్కన చేసి ఉంటే లైను నష్టం తగ్గేది, మీ ఊళ్లో పది మందికి పని దొరికేది. కుసుమ్ పథకం 2019 నుంచే ఉంది, వ్యవసాయ ఫీడర్ పక్కనే సోలార్ ప్లాంటు పెట్టి ఆ ఫీడర్‌కే ఇవ్వడం. మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు చాలు. మీ కనిగిరి, పామూరు వైపు బీడు భూములకి కొదవ లేదు.

కనిగిరి మెట్ట

కొదవ లేదు, కానీ కౌలు రేటు, డబ్బు ఏ తేదీకి వస్తుంది, పాతికేళ్ల తర్వాత భూమి ఎవరిది, ఇవి కాగితం మీద తెలుగులో రాసిస్తేనే మావాళ్లు ఇస్తారు.

కరేడు దారి

భూమి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2025లో ఉలవపాడు దగ్గర మా కరేడులో సోలార్ పరిశ్రమ కోసం వేల ఎకరాలు తీసుకుంటామంటే జనం రోడ్డెక్కారు. నీళ్లు దగ్గర్లోనే పడే నేల, ఏడాది పొడవునా ఏదో ఒక పంట ఉండే నేల. సోలార్ మీద మాకు పగ లేదు. స్వచ్ఛమైన కరెంటు పేరుతో తిండి పెట్టే భూమినే ఎందుకు ఎంచుకోవాలని అడిగాం. కనిగిరి అన్న చెప్తున్న బీడు అక్కడే ఉంది కదా.

రాయి కోత (చీమకుర్తి)

ఇంతసేపు పరిశ్రమ వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు. మాది గ్రానైట్ పాలిషింగ్. మాకు కరెంటు ధర కన్నా కరెంటు నిలకడ ముఖ్యం. బ్లాకు కోస్తుండగా మధ్యలో ఆగితే రాయి మీద గీత పడుతుంది, ఆ పలక ఎగుమతికి పోదు, గెలాక్సీ రాయి విలువ తెలిసినవాళ్లకి ఆ నష్టం అర్థమవుతుంది. ఇప్పుడు కేంద్రం నిబంధన ప్రకారం పగటి సోలార్ గంటల్లో రేటు తక్కువ, సాయంత్రం పీక్‌లో ఎక్కువ ఉండాలి. దానికి తగ్గట్టు షిఫ్టులు మార్చుకోవడానికి మేం సిద్ధం. కానీ పగలు తక్కువ రేటు ఇస్తామని చెప్పి ఆ పగలే మెయింటెనెన్స్ పేరుతో ఎల్సీలు (లైన్ క్లియర్) తీసుకుని కరెంటు ఆపితే షిఫ్టు మార్చి ఏం లాభం?

ఒంగోలు టీచరమ్మ

నేను ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను, కేంద్రం సూర్యఘర్ పథకం కింద రూ. 78,000 సబ్సిడీ వచ్చింది. ఎండ బాగుంటే రోజుకి 12 యూనిట్ల దాకా వస్తోంది. పెట్టుకోవాలనుకునేవాళ్లకి ఒక్క విషయం చెప్పాలి, అమ్మేవాళ్లు ఇది చెప్పరు. వీధిలో కరెంటు పోతే మీ పైకప్పు సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పని చేసే మనిషికి మన ఇంటి నుంచి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆపేసుకుంటుంది. బ్యాటరీ ఉన్న రకం అయితేనే ఇంట్లో లైట్లు వెలుగుతాయి, దానికి ఖర్చు ఎక్కువ. తుఫాను వచ్చినప్పుడు ఇది బాగా తెలిసింది.

తుఫాను అంటే గుర్తొచ్చింది, మన తీరానికి ఏటా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. విశాఖలో హుద్‌హుద్ తర్వాత భూగర్భ కేబుళ్లు వేశారు. మనకి కనీసం ఆసుపత్రులు, నీళ్ల పంపులు ఉన్న లైన్లకైనా ఆ ఆలోచన ఉందా?

ఈఈఈ ఫైనలియర్ (కావలి)

అందరికీ నమస్తే. నేను చదువుతున్నది ఎలక్ట్రికల్ ఇంజినీరింగే కాబట్టి స్టోరేజీ గురించి రెండు మాటలు. పెన్నాగట్టు గారి రాత్రికీ కనిగిరి అన్న పగలుకీ మధ్య వంతెన అదే. పంప్డ్ స్టోరేజీలో పైన ఒక చెరువు, కింద ఒక చెరువు ఉంటాయి, మధ్యాహ్నం మిగిలిన సోలార్‌తో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడిన కరెంటులో నాలుగో వంతు దాకా పోతుంది, అయినా లాభమే, ఎందుకంటే మధ్యాహ్నం కరెంటు చవక. కర్నూలు వైపు పిన్నాపురంలో 1,680 మెగావాట్లది కట్టారు. శ్రీశైలం ఎడమగట్టు మీద నీళ్లు తిరిగి పైకి తోడే యూనిట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. మన సోమశిల దగ్గర కూడా ప్రతిపాదన ఉంది.

కానీ ఆరేడు గంటల స్టోరేజీ సాయంత్రం పీక్‌కి సరిపోతుంది, తెల్లవారుజాము 4 దాకా లాగాలంటే గాలి కరెంటు, బ్యాటరీ, బొగ్గు అన్నీ కలిపి గంట గంటకీ వేయాలి. నా అభిప్రాయం ఏంటంటే, రొయ్యల గుంతలకి ఇచ్చే ఆక్వా ఫీడర్లు ఉన్న సబ్‌స్టేషన్లలోనే బ్యాటరీలు పెట్టాలి. పై లైను పోయినా ఆ బ్యాటరీ మీద ఫీడర్ నడిచేటట్టు డిజైన్ చేయొచ్చు. రాష్ట్ర విధానంలో 25 గిగావాట్ అవర్ల బ్యాటరీ లక్ష్యం ఉంది కదా, అందులో కొంత ఇట్టాంటి చోట్ల పెట్టమని అడగాలి.

లైన్ మీద 30 ఏళ్లు

బాగా చెప్పావు నాయనా. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఫీడర్ లోనే ఫాల్ట్ ఉంటే బ్యాటరీ ఉన్నా లైను ఎక్కదు. ముందు ఇన్సులేటర్, తర్వాత బ్యాటరీ.

బాయిలర్ గది

ఈ మాటకి నేనూ ఒప్పుకుంటా. సబ్‌స్టేషన్ల దగ్గర బ్యాటరీ వస్తే సాయంత్రం మా మీద పడే ఒత్తిడి కూడా తగ్గుతుంది. దాన్ని బొగ్గుకి పోటీ అనుకోనక్కర్లేదు.

రాయి కోత

ఉచిత కరెంటు సంగతి కూడా తేల్చాలి. మా బిల్లులో...

చర్చ నిర్వాహకుడు

ఉచిత కరెంటు, స్మార్ట్ మీటర్ల మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ ప్రణాళిక, నిలకడ, ధర మీదే ఉందాం.

బిల్లు చదివేవాడు

అయితే పని లోకి దిగుదాం. డిస్కంలు నవంబరు ఆఖరుకి వచ్చే ఏడాది లెక్కలు మండలికి ఇస్తాయి. తర్వాత పత్రికల్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగ విచారణ పెడతారు, ఏప్రిల్ 1 నుంచి కొత్త టారిఫ్. మండలి ఆఫీసు ఇప్పుడు కర్నూలులో ఉంది, అంత దూరం పోనక్కర్లేదు, పోస్టులోనూ మెయిల్‌లోనూ పంపొచ్చు. నెల్లూరు వాళ్లది తిరుపతి డిస్కం, ప్రకాశం వాళ్లది విజయవాడ డిస్కం, కాబట్టి రెండు వేర్వేరు కాగితాలు కావాలి.

నా దగ్గర ముసాయిదా సిద్ధంగా ఉంది. అడగాల్సినవి ఇవి: ఆక్వా ఫీడర్లలో రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా ఎన్ని ట్రిప్పులు పడ్డాయో విడిగా ప్రకటించాలి. తీరం వెంట ఇన్సులేటర్ల మార్పుకి ఏడాదివారీ బడ్జెట్ చూపాలి. కొత్త కొనుగోలు ఒప్పందం ఏదైనా సంతకానికి ముందే తెలుగులో జనం ముందు పెట్టాలి. ముత్తుకూరు మండలంలో వోల్టేజీ కొలతలు బయటపెట్టాలి. ఇంకేమైనా కలపాలంటే చెప్పండి.

ఒంగోలు టీచరమ్మ

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ టౌన్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలన్న నిబంధన ఉంది. ఎన్ని చోట్ల గడువు దాటిందో, వినియోగదారులకి పరిహారం ఎంత ఇచ్చారో అడగండి.

కరేడు దారి

సోలార్‌కి భూమి ఎంచుకునేటప్పుడు పంట భూమి ఆఖరుకి రావాలని కలపండి. మండలి పరిధి కాదంటారేమో, అయినా రికార్డులో ఉండాలి.

పెన్నాగట్టు

మా ఫీడర్ లాగ్‌బుక్ కాపీ కోసం సమాచార హక్కు కింద రేపే దరఖాస్తు పెడుతున్నా, చుట్టుపక్కల గుంతలవాళ్లతో కూడా సంతకాలు పెట్టిస్తా. ఒక్క సందేహం, అభ్యంతరం ఇంగ్లీషులోనే రాయాలా? మావాళ్లు చాలామంది తెలుగులోనే రాయగలరు.

బిల్లు చదివేవాడు

తెలుగులో రాయొచ్చు, విచారణలో తెలుగులోనే మాట్లాడొచ్చు. సర్వీసు నంబరు, ఫీడర్ పేరు, ట్రిప్పు అయిన తేదీ, టైము తప్పకుండా వేయండి. ఆ నాలుగూ ఉంటే డిస్కం రాతపూర్వకంగా జవాబు ఇవ్వక తప్పదు.